తాడు మీద చెయ్యి

డిగ్రీ పరీక్షలు అయిపోగానే నా మనవరాలు వీపున సంచి వేసుకుని, మంగినపూడి నుంచి హంసలదీవి దాకా సముద్రం ఒడ్డున నడుస్తానంది. వాళ్ళ నాన్న చెంప మీద ఒక్కటిచ్చాడు. అది ఏడవలేదు. "రెండోది కూడా కొట్టండి నాన్నా, అదీ తినే వెళ్తాను" అంది. మా అమ్మాయి వంటింట్లో గిన్నెలు విసిరికొట్టింది. నేను చల్లపల్లి నుంచి పటమటలో వాళ్ళింటికి వచ్చింది ఆ రోజే. గిన్నెలు సొట్టలు పడితే మళ్ళీ కొనేదెవరని అడిగి, దాని వెంట నేను వెళ్తానని చెప్పేశాను.

"నువ్వు నడవగలవా అమ్మమ్మా?"

"నాట్లేసిన కాళ్ళే ఇవి. ముందు నువ్వు నడువు."

అది బజార్లో నీలం సంచి కొనుక్కుంది. నేను పోయిన మా ఆయన ఖాకీ ప్యాంటు చింపి, కాళ్ళ గుడ్డతో పట్టీలు కుట్టి నా సంచి చేసుకున్నాను. ఆ ఒడ్డున ఆడవాళ్ళు పడుకోడానికి లాడ్జీలు లేవు. వేసవి సెలవుల్లో మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టళ్ళు ఖాళీగా ఉంటాయి, పనిలో చెయ్యేస్తే మంచం ఇస్తారని మా పాస్టరు గారు చెప్పారు. అలాగే బయల్దేరాం.

మొదటి మజిలీ అలాంటి హాస్టలే. పిల్లలు లేరు. వార్డెనమ్మ, వంటమనిషి, ఖాళీ ఇనప మంచాలు. వంటమనిషికి ముప్పై ఉంటాయేమో. ఒక కనుబొమ్మ మీద వెంట్రుకే లేదు, చిటికెన వేలు వంకరగా అతుక్కుపోయింది. సొరకాయ తరుగుతుంటే పక్కన కూర్చుని అడిగాను.

"ఆ వేలేంటమ్మా?"

"తలుపు సందులో పెట్టి తలుపేశాడండి, మా ఆయన."

"కనుబొమ్మ?"

"అది పొయ్యిలోకి తోసినప్పుడండి. మొన్న కిరసనాయిలు పోశాడు. అగ్గిపెట్టె తడిసిపోయి వెలగలేదు. వెలిగుంటే మీకు ఈ పూట సొరకాయ కూర ఉండేది కాదు." అని నవ్వింది. నా మనవరాలు నవ్వలేదు.

వాడిది పామర్రులో ఆటో. బందరు దాకా ప్రతి స్టాండులోనూ వాడి స్నేహితులే. ఆమె అన్న కృష్ణా నదికి అవతల, గుంటూరు వైపు రొయ్యల చెరువు మీద కాపలా. ఏరు దాటి అన్న దగ్గరికి చేరితే బతుకుతుంది. బస్సెక్కితే ఎవడో ఒకడు చూసి మొగుడికి చెప్తాడు. అందుకని ఇక్కడ దాక్కుంది. "ఈసారి తీసుకెళ్తే మాత్రం బతకనివ్వడండి" అంది, ముక్కలు గిన్నెలో వేస్తూ.

తెల్లారి అన్నం వార్చే వేళకి వాడు రానే వచ్చాడు, వాడి అన్నని మోటారు సైకిలు మీద వెంటేసుకుని. ఎవరు చెప్పారో తెలియదు. వంటింటి తలుపు తన్నితే గడియ ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. వార్డెనమ్మ అడ్డం వెళ్ళింది. ఆమె జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి తెల్లచీర మీద రక్తం ధార కట్టింది. తర్వాత పెళ్ళాం జడ చేతికి చుట్టుకుని గుమ్మం వైపు ఈడ్చాడు. ఆమె గుమ్మం పట్టుకుంటే ఆ వేళ్ళ మీద చెప్పుకాలితో తొక్కాడు.

వార్చిన గంజి గిన్నె నా చేతిలోనే ఉంది. గంజి పారబోయడం మా ఇంటా వంటా లేదు, ఉప్పేసుకుని తాగుతాం. ఆ రోజు మాత్రం మొత్తం వాడి పాదాల మీద కుమ్మరించాను. ఉడికిన టమాటా తొక్కలా చర్మం లేచింది. అరుపుకి పెరట్లో కాకులన్నీ లేచిపోయాయి. వాళ్ళన్న వాణ్ణి బండెక్కించుకుని ఆస్పత్రికి బయల్దేరాడు.

"మనుషుల్ని వేసుకొస్తానే! ముందు నిన్నే నరుకుతా ముసలిదానా!" అన్నాడు వాడు బండి మీంచి.

"రారా. రేపు కూడా అన్నం వండుతాం" అన్నాను.

వార్డెనమ్మ పోలీసుల మాట ఎత్తింది. వంటమనిషి తల అడ్డంగా ఊపింది. ఇదివరకు వెళ్తే, మొగుడూ పెళ్ళాం సర్దుకోండని వాడి ఆటోలోనే ఎక్కించి పంపారట.

"మాతో వచ్చెయ్యక్కా" అంది నా మనవరాలు. "ఒడ్డున రోడ్డే లేదు, ఆటో రాదు."

బియ్యం గోనెకి తాళ్ళు కట్టి ఆమెకో వీపు సంచి చేశాను. రెండు చీరలు, ఒక బైబిలు, కాస్త అటుకులు. వార్డెనమ్మ పెదవికి గుడ్డ అదుముకుని ప్రార్థన చేసింది. నేను కళ్ళు మూసుకోలేదు, రోడ్డు వైపే చూస్తూ ఉన్నాను.

ఆ పగలంతా నడిచాం. ఎండకి ఇసుక పెనంలా కాలింది. ఒకచోట మడ చెట్ల మధ్య నీటి పాయ దాటుతుంటే ఆల్చిప్పలు అరికాళ్ళు కోశాయి. ఇంకోచోట గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన సముద్రపు తాబేల్ని కుక్కలు చీలుస్తున్నాయి. అది ఇంకా కాళ్ళు ఆడిస్తూనే ఉంది. మనవరాలు రాయి విసిరితే ఒక కుక్క మా మీదికే తిరిగింది. నేను చేతికర్రతో మూతి మీద కొట్టాను, పన్ను ఊడి ఇసుకలో పడింది. వంటమనిషి మాత్రం ఆ తాబేల్ని చూస్తూ నిలబడిపోయింది. జబ్బ పట్టుకుని లాక్కురావాల్సి వచ్చింది.

రాత్రికి ఒక జాలరి పల్లెలో తుఫాను షెల్టరు మేడ మీద పడుకున్నాం. గాలివానొస్తే ఊరంతా ఎక్కడానికి కట్టిన బిల్డింగు అది. మామూలు రోజుల్లో దారిన పోయేవాళ్ళకి చాప ఇస్తారు.

పొద్దున్నే ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. అలివి వల అంటారు. పడవ వెళ్ళి సముద్రంలో వల అర్ధచంద్రంలా పరిచి వస్తుంది. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డునుంటాయి. రెండు జట్లు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగాలి. పడిన చేపని పడవలో ఏరు అవతలికి వేసుకెళ్ళి అమ్ముతారట. మనవరాలు తనూ లాగుతానంది. నెరిసిన మీసాల వల పెద్ద దాన్ని ఎగాదిగా చూశాడు.

"సరదాకైతే వద్దమ్మాయ్. పట్టుకుంటే నీకూ వాటా ఉంటది. కానీ వల ఒడ్డెక్కేదాకా నువ్వు తాడు వదలకూడదు, నీ చెయ్యి ఇంకెవురూ వదిలించకూడదు. మధ్యలో సడలితే చేపంతా పోద్ది. అందరి కూడూ పోద్ది."

వాటా అనగానే నేనూ కొంగు దోపుకుని తాడు పట్టుకున్నాను. వంటమనిషి నా ముందు పట్టుకుంది. కాసేపటికే అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. ఉప్పు నీటికి మంట నడినెత్తికెక్కింది.

వల సగం దూరం వచ్చిందో లేదో బండి చప్పుడు వినబడింది. తడి ఇసుక మీద మోటారు సైకిలు నడుస్తుందని మాకెవరికీ తట్టలేదు. వీపున సంచులేసుకున్న ఆడవాళ్ళని చూశారా అంటే ఎవరైనా దారి చెప్తారు కదా. వాడి అన్న నడుపుతున్నాడు, వాడు కాళ్ళకి కట్లతో వెనక కూర్చున్నాడు. చేతిలో ఇనప రాడ్డు.

కుంటుకుంటూ వచ్చి ముందు పెళ్ళాం జుట్టు పట్టుకున్నాడు. ఆమె తాడు వదల్లేదు. నడుం మీద తన్నాడు. మోకాళ్ళ మీద పడింది గానీ వదల్లేదు. రాడ్డుతో ఆ వంకర వేలు మీదే కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మనవరాలు అరిస్తే వాళ్ళన్న దాని చెవి మీద గూబ పగిలేట్టు కొట్టాడు. చెవిపోగు తెగి మెడ మీదికి రక్తం కారింది. అదీ వదల్లేదు. నేను కూడా వదల్లేదు. ఎలా వదలను, తాడు మీద చెయ్యి ఎవరూ వదిలించకూడదన్న ఆ మాటొక్కటే ఆమెకున్న అడ్డు.

జాలర్లు మొదట చూస్తూ లాగుతున్నారు. "నా పెళ్ళాం రా, మీకెందుకు?" అన్నాడు వాడు. తాడు సడలి వల ఒక పక్కకి వాలింది.

"ఒరేయ్!" అన్నాడు వల పెద్ద. "నీ ఇంట్లో నీ పెళ్ళాం. ఇక్కడ తాడు మీద చెయ్యి. తియ్యి నీ చెయ్యి."

వాడు పెద్దాయన మీద ఉమ్మాడు.

లాగేవాళ్ళు కదలడానికి లేదు. చేపల కోసం గంపలతో కూర్చున్న ఆడవాళ్ళు లేచారు. ఒకావిడ పడవలోంచి తెడ్డు తీసి వాడి భుజం మీద వేసింది. చెయ్యి వేలాడిపోయింది. రాడ్డు జారితే ఇంకొకావిడ అందుకుని వాళ్ళన్న మోకాలి చిప్ప మీద కొట్టింది. గంపలతో, రాళ్ళతో, ఎండిన తాటి మట్టలతో కొట్టారు. మోటారు సైకిల్ని అలల్లోకి తోసేశారు. వాడి పళ్ళ సందుల్లోంచి రక్తం బుడగలుగా వచ్చింది. నాకు జాలి కలగలేదు. ఇప్పుడూ కలగదు.

వాడు ఇసుకలో కూలబడి, విరిగిన భుజం పట్టుకుని నవ్వాడు. "వల వచ్చేస్తదిలే. అప్పుడెవత్తె ఆపుద్దో చూస్తా."

అది నిజమే. వల ఒడ్డెక్కితే ఆమె చెయ్యి ఆమెదే, దాన్ని ఎవరైనా పట్టుకోవచ్చు. రెండు జట్లూ దగ్గరవుతున్నాయి. అలల్లో వెండిలా చేపల మెరుపు కనబడుతోంది. అందరూ సంతోషంగా లాగుతుంటే నేనొక్కదాన్నే ఆ వల రాకూడదని దేవుణ్ణి అడిగాను.

వాడొచ్చాక వంటమనిషి అప్పుడు మొదటిసారి నోరు తెరిచింది. "పెద్దయ్యా, నా వాటా చేప వద్దు."

"మరేం కావాలే?"

"మీ పడవ సరుకుతో ఏరు దాటుద్దంట కదా. అందులో చోటు."

పెద్దాయన ఆమె చేతి వంక చూశాడు. "కూర్చుంటే కుదరదు. తెడ్డెయ్యాలి."

"వేస్తా."

వల ఒడ్డెక్కింది. ఆమె తాడు వదిలి, గంపలు ఎక్కిస్తున్న పడవలోకి నడిచి, నాలుగు వేళ్ళతో తెడ్డు పట్టుకుంది. వాడు లేచి నీళ్ళలోకి పడుతూ లేస్తూ వెంటపడ్డాడు. అల మొహాన కొట్టి బోర్లా పడేసింది. మనవరాలు గొంతు లోతు నీళ్ళలోకి వెళ్ళి ఆమె గోనె సంచి పడవలోకి విసిరింది.

పడవ తిరిగొచ్చేదాకా మేము ఒడ్డునే కూర్చున్నాం. వాణ్ణీ వాళ్ళన్ననీ ఎవరో మంచం మీద మోసుకెళ్ళారు. మధ్యాహ్నం దాటాక ఖాళీ గంపలతో పడవ వచ్చింది.

"దింపాం" అన్నాడు తెడ్డు వేసేవాడు. "ఆమె అన్నకి చెరువు కట్ట మీదే అప్పజెప్పి వచ్చాం. ఆ అన్న చేతిలో ఈటె ఉందిలెండి."

మా వాటా చేపలు తాటాకు మీద పోశారు. మామూలుగా అయితే సగం ఎండబెట్టి ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. ఆ రోజు అన్నీ పులుసు పెట్టించాను. అరచేతుల తోలు ఊడి ఇద్దరం అన్నం కలుపుకోలేకపోతే, తెడ్డుతో కొట్టిన ఆవిడే ముద్దలు చేసి నోట్లో పెట్టింది.

"రేపు హంసలదీవికి వెళ్దామా, ఇంటికా?" అంది మనవరాలు, తెగిన చెవి పట్టుకుని.

"ముందు నమలవే" అన్నాను.