చల్లపల్లిలో జానెడు తక్కువైన బోర్డు

నా పనంతా ల్యాప్‌టాప్ తెర మీదే పుట్టి, అక్కణ్నుంచే మెయిల్లో వెళ్లిపోతుంది. విజయవాడ పటమటలో మా మేడమీద గదిలో కూర్చుని షాపులకు బోర్డులు గీస్తాను, టీషర్టులకు బొమ్మలు వేస్తాను, ఇంకా తెరవని దుకాణం తెరిచాక ఎలా ఉంటుందో కంప్యూటర్లో నమూనా చేసి చూపిస్తాను. ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టాక ఇలాంటివి బోలెడు చేశాను గానీ, నేను గీసిన బోర్డు కింద నిలబడి తలెత్తి చూసుకున్నది మాత్రం లేదు. అవతలివాళ్లు ఫోటో పంపితే చూడటమే. ఆ ఫోటోల్లో సగం సార్లు నేను పెట్టిన రంగు ఉండదు. అదేమిటండీ అంటే, పెయింటరు దగ్గర ఆ రంగు లేదంటారు. ఈసారి అలా కుదరదని, బోర్డుతో పాటు నేనూ బయల్దేరాను.

ఎందుకంటే ఈ బోర్డు కథ వేరు. వీరభద్రం గారు చల్లపల్లి పక్కన పల్లెలో ఇంట్లోనే మగ్గం పెట్టుకుని చీరలు, మీటర్ల లెక్కన అమ్మే బట్టా నేస్తారు. నేసినవన్నీ ఇన్నేళ్లూ షావుకారుకు ఇచ్చేయడమే. ఇప్పుడు చల్లపల్లి మెయిన్ రోడ్డు మీద చిన్న గది అద్దెకు తీసుకుని సొంత దుకాణం తెరుస్తున్నారు. పేరు ‘సుబ్బలక్ష్మి చేనేత’. సుబ్బలక్ష్మి గారు ఆయన భార్య. కాపురానికి వచ్చిన నాటి నుంచీ నూలు కండెలు చుట్టడం, పడుగు దారాలు సరిచేయడం, సగం పని ఆవిడదే. ఆవిడ పేరు మాత్రం రేషన్ కార్డు దాటి ఎక్కడా కనపడలేదు. “బోర్డు మీద ఆవిడ పేరే పెద్దగా ఉండాలమ్మా, నా పేరసలు వద్దు” అని వీరభద్రం గారు ఫోన్లో మొదటి రోజే చెప్పారు. బుధవారం పదకొండు గంటలకు ముహూర్తం. అప్పటికి బోర్డు ఎక్కి ఉండాలి, దాని కింద ఆవిడ రిబ్బను కత్తిరించాలి. ఆ మాట విన్నాక సరుకు ట్రాన్స్‌పోర్టులో వేసి చేతులు దులుపుకోబుద్ధి కాలేదు.

పొద్దున్నే ఆరింటికల్లా బెంజి సర్కిల్ దాటాం. బోర్డు మూడు ముక్కలుగా ట్రాలీ ఆటో వెనక దుప్పట్లలో పడుకుంది. ముందు సీట్లో నేను, బాషా గారు. ఆటోనగర్లో బోర్డులు బిగించడంలో ఆయనకు మంచి పేరుంది. బండి కిరాయి, బిగింపు కూలి కలిపి నాలుగు వేలకు మాట్లాడుకున్నాం. మీరు ఊరికే చూడ్డానికి వెళ్తుంటే ఇంత ఖర్చు అక్కర్లేదు, విజయవాడ బస్టాండు నుంచి అవనిగడ్డ బస్సెక్కితే ఉయ్యూరు, పామర్రు మీదుగా రెండు, రెండున్నర గంటల్లో చల్లపల్లిలో దించుతుంది. దూరం అరవై కిలోమీటర్ల పైచిలుకు. కంకిపాడు దాటేదాకా ఇళ్లే ఇళ్లు. ఆ తర్వాత గానీ కళ్లకు పచ్చదనం తగలదు. మాఘమాసం కదా, వరి కోసేసిన పొలాల్లో మినుము దట్టంగా కమ్ముకుని ఉంది, పైన పల్చగా మంచు. బాషా గారు దాన్ని చూడకుండా నా ఫోన్లో దుకాణం నమూనా చూస్తూ, ఇందులో అన్నీ బాగానే ఉంటాయి మేడం, అసలు గోడ దగ్గరే తేడా వస్తుంది అన్నారు. రోడ్డు చూసి నడపమన్నాను.

ఏడింటికి ఉయ్యూరులో ఆగాం. అక్కడ పొద్దున్నే నడిచే రిటైర్డ్ టీచర్ల బృందం ఒకటుంది, వాళ్ల టీషర్టులు నేనే చేశాను, దారే కదా అని వెంట తెచ్చాను. చక్కెర ఫ్యాక్టరీ ఊరు కదా అని గుండెల మీద చెరకు గడ గీశాను. బృందానికి పెద్ద అయిన శర్మ మాస్టారు ఒక టీషర్టు మడత విప్పి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూసి, “బాగుందమ్మా వెదురు” అన్నారు. కణుపుల మధ్య ఎడం ఎక్కువైందట. నా ముఖం మాడిపోవడం చూసి ఆయనే, పర్లేదులే, రోజూ నడిచి మేమూ వెదుళ్లలా సన్నబడతాం అని అక్కడికక్కడే తొడుక్కున్నారు. అందరూ అదే పసుపుపచ్చ చొక్కాలో టిఫిన్ హోటల్ ముందు నిలబడితే నాకు నవ్వూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. ఇడ్లీ, కారప్పొడి, అల్లం చట్నీ, మీద టీ. ఇద్దరికీ నూట ఇరవై అయితే మాస్టారు నన్ను జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు. అక్కడ అల్లం చట్నీ రెండోసారి అడగడానికి మొహమాటపడకండి, వాళ్లేమీ అనుకోరు.

పామర్రు దగ్గర బందరు రోడ్డు వదిలి కుడికి తిరిగాక దారి సన్నబడుతుంది, కాలవలు దగ్గరవుతాయి. ఎనిమిదిన్నరకు చల్లపల్లి చేరాం. దుకాణం దొరకడం కష్టం కాలేదు, అప్పటికే గుమ్మానికి మామిడాకులు, అరటి పిలకలు కట్టేసి ఉన్నాయి. వీరభద్రం గారు కొత్త పంచె, తెల్ల చొక్కాతో ఎదురొచ్చారు. ఫోన్లో గంభీరంగా వినపడే మనిషి, చూస్తే పుల్లలా ఉన్నారు. షట్టరు పైన రెండు స్తంభాల మధ్య దూలం మీద బోర్డు కూర్చోవాలి. ఇంతకు ముందు అది పురుగుమందుల కొట్టు. దూలం మీద పాత పెయింటు అలాగే ఉంది, ఎడమ చివర సీసా బొమ్మ, కుడి చివర పుర్రె గుర్తు. ఎలాగూ మా బోర్డు కప్పేస్తుంది కదా అని వాళ్లు సున్నం కూడా వేయలేదు.

బాషా గారు మూడు ముక్కలూ కలిపి ఎత్తి పెట్టారు. నిచ్చెన మీద నుంచి కిందికి చూసి మెల్లిగా, “మేడం, బోర్డు పొట్టిదైంది” అన్నారు. రెండు పక్కలా చెరో అరజానెడు ఖాళీ. ఆ ఖాళీలో ఒక వైపు సీసా మూత, ఇంకో వైపు పుర్రె పళ్లు. ముహూర్తానికి రెండు గంటలు కూడా లేవు. టేపు పెట్టి బోర్డు కొలిచాను, సరిగ్గా ఐదు మీటర్లు. ఐదు మీటర్లని మీరే చెప్పారు కదండీ అంటే, వీరభద్రం గారు లోపలికి వెళ్లి గీతలు పెట్టిన నున్నటి కర్ర తెచ్చి నిచ్చెనెక్కారు. దూలం వెంట కొలుచుకుంటూ వెళ్లారు. ఆయన లెక్క తప్పలేదు. కర్రతో సరిగ్గా ఐదు.

అప్పుడు నాకు అనుమానం వచ్చి కర్ర పక్కన నా టేపు పరిచాను. కర్ర మీటరు కంటే రెండు వేళ్లు పొడుగు. ఇదేమిటండీ అని అడిగితే ఆయనకు నా ప్రశ్నే వింతగా తోచింది. మగ్గం మీద బట్ట బిగించి ఉంటుంది, దించాక కాస్త లోపలికి లాగుకుని పొట్టిదవుతుంది, ఉతికితే ఇంకాస్త. మీటరుకు మీటరు కొలిస్తే కొన్నవాళ్ల ఇంటికెళ్లేసరికి తక్కువైపోదా అన్నారు. అందుకని వాళ్ల నాన్నగారు మీటరు కర్రను రెండు వేళ్లు ఎక్కువగా కోయించారు. మగ్గం మీద కొలిచినా, షావుకారుకు ఇచ్చేటప్పుడు కొలిచినా ఇదే కర్ర. వాళ్లింట్లో మీటరంటే ఇదే. చెబుతూ చెబుతూ ఆయనకే అర్థమైంది. గోడ ఎక్కడికీ లాగుకోదు. కర్రను స్తంభానికి ఆనించి మెట్టు మీద కూలబడ్డారు.

“ఇన్నేళ్లలో దీంతో ఎవరికీ తక్కువ కొలిచింది లేదమ్మా. ఆవిడ పేరు పెట్టిన పూటే తక్కువైంది.”

నేనొక్కసారి ముందుగా వచ్చి కొలుచుకుని ఉంటే సరిపోయేది, తెర మీద నమూనాలో ఎండ ఏ గంటకు ఎటు పడుతుందో కూడా చూపించాను గానీ బస్సెక్కలేదు. బోర్డు దించేయమనీ, బజార్లో గంటలో ఫ్లెక్సీ కొట్టించి కట్టేద్దామనీ వీరభద్రం గారు అన్నారు. వాళ్లావిడ పేరు రంగురంగుల ఫ్లెక్సీలో, మూలన ఎవరో ఒకరి ఫోటోతో వేలాడటం తలుచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. సున్నం వేసేద్దామంటే ఆరేలోగా ముహూర్తం దాటిపోతుంది, పైగా తడి సున్నంలోంచి పుర్రె ఇంకా బాగా కనపడుతుందని బాషా గారి అభిప్రాయం.

సరిగ్గా అప్పుడు సుబ్బలక్ష్మి గారు పసుపు కుంకుమల పళ్లెంతో ఆటో దిగారు. ముదురు ఆకుపచ్చ చీర, మెరూన్ అంచు, వాళ్ల మగ్గం మీదిదే. మా ముగ్గురి ముఖాలూ చూసి, పైకి చూసి, సంగతి అడిగారు. వీరభద్రం గారు తల దించుకుని చెప్పారు. ఆవిడ కోప్పడలేదు, కంగారూ పడలేదు. తన పేరు వైపు అసలు చూడనట్టే, ఆ రెండు ఖాళీల వైపే చూశారు.

“ఉత్త చీరలా ఉంది, అంతేగా. అంచు వెయ్యండి.”

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ పళ్లెం నా చేతిలో పెట్టి లోపలికెళ్లి, రంగు చూసుకోవడానికి నేసిన అంచు ముక్క తెచ్చారు. మెరూన్ రంగు మీద గుడి గోపురాల వరస. బాషా గారు వడ్రంగి దగ్గరికి పరుగెత్తి చెక్క పట్టీలు రెండు కోయించుకొచ్చారు. ఆ చెక్కల మీద బట్ట లాగి మేకులు కొట్టే పని భార్యాభర్తలిద్దరే చేశారు, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. ఆవిడ లాగి పట్టుకుంటే ఆయన కొట్టారు. మధ్యలో ఆవిడ బిగువు అంటారు, ఆయన ఊఁ అంటారు, అంతే మాటలు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో జరుగుతున్న పనేదో నడిరోడ్డు మీద చూస్తున్నట్టు అనిపించింది. పట్టీలు రెండూ ఖాళీల్లో కూర్చునేసరికి సీసా పోయింది, పుర్రె పోయింది. లేత గోధుమరంగు బోర్డు మీద మెరూన్ అక్షరాలు, అటూ ఇటూ మెరూన్ అంచు. నేను ల్యాప్‌టాప్ ముందు వారం రోజులు కూర్చున్నా నాకు తట్టని అందం అది. నిజం చెప్పాలంటే కాస్త అసూయ కూడా కలిగింది.

పురోహితుడు వచ్చేసరికి పదిన్నర దాటింది. ముహూర్తానికి ఆవిడ రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, బంధువులు చప్పట్లు కొట్టారు. తర్వాత ఆవిడ ఎవరికీ చెప్పకుండా రోడ్డు దాటి ఎదురుగా జిరాక్సు షాపు ముందు నిలబడ్డారు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. అంత పెద్ద అక్షరాల్లో తన పేరు చూసి ఏమంటారా అని నాకు ఆత్రం. చాలాసేపు చూశారు. పెదవులు కదిలాయి, అక్షరం అక్షరం చదువుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. చివరికి, “ఎడమ పక్క అంచు కాస్త వదులుగా ఉందమ్మా” అని కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది. నేను దాచుకోలేదు.

పులిహోర, బూరెలు తిన్నాక బాషా గారికి బందరు నుంచి తిరుగు లోడు దొరికింది, నేను మూడింటి బస్సుకు వస్తానన్నాను. వచ్చే ముందు కుర్తాకని రెండున్నర మీటర్ల బట్ట అడిగాను. వీరభద్రం గారు కర్రను మూల దాచేసి, బాషా గారి దగ్గర అడిగి తీసుకున్న స్టీలు టేపు విప్పారు. సుబ్బలక్ష్మి గారు టేపు ఆయన చేతిలోంచి తీసుకుని, కర్ర తెచ్చి పెట్టారు. ఆయన ఆ కర్రతోనే కొలిచి చింపారు. విజయవాడ దాకా ఆ పొట్లం ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను, బస్సు టికెట్టు వందకు అటూ ఇటూ.

తర్వాత ఆ అంచును అచ్చంగా కంప్యూటర్లో గీసి, ఎండకూ వానకూ తట్టుకునే రేకు మీద వేయించి పంపాను. నా దగ్గరున్న దుకాణం నమూనాలో కూడా దిద్దాను, బోర్డును సాగదీయలేదు, అంచులే చేర్చాను. తెర మీద అన్నీ సరిపోయేలా చేయడం నాకు వచ్చిన పనే, కానీ ఎవరికీ తక్కువ కాకూడదని చేసిన కొలత నా తెరలో ఎక్కడా ఉండదు. దాన్ని చూడాలంటే వెళ్లాల్సిందే. ఇక మీదట బోర్డు గీసే ప్రతి ఊరికీ ఒకసారి వెళ్లి వద్దామని నిర్ణయించుకున్నాను, ఆ ఆలోచనకే నాకు హుషారుగా ఉంది. మీరు అటు వెళ్తుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: మగ్గం వాళ్ల దగ్గర కొన్న బట్టను కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరేయండి. నాదీ అలాగే ఆరేసి, టేపు పెట్టి చూశాను. రెండున్నర మీటర్లు, ఇంకా ఒక వేలు మిగిలింది.