రెండు తాళాల గిడ్డంగి

పోయినేడు జూన్ నెల. అనంతపురం పక్కన ఒక విత్తనాల గోడౌన్‌కు కీపర్‌ని నేను. సరుకు దిగినప్పటి నుంచి రైతు ఎత్తుకుపోయేదాకా జవాబుదారీ కీపర్‌దే. మా తలుపుకు రెండు తాళాలు, ఒక చెవి నా దగ్గర, ఇంకొకటి ఆఫీసర్ దగ్గర. డబుల్ లాక్ అంటారు, ఇద్దరూ ఉంటేనే తలుపు తెరిచేది. దొంగల సంగతేమో గానీ, రైతులను మాత్రం బాగా ఆపుతుంది.

ఆ ముందురోజే వాన పడింది. మా దిక్కు పదును, అంటే విత్తనం మొలిచేంత తడి, రెండు మూడు దినాలకే ఆరిపోతుంది. బెళుగుప్ప నుంచి రామక్క అనే రైతు మొదటి బస్సుకే వచ్చి తలుపు ముందర కూర్చునుండాది. మూడెకరాలకు శనక్కాయ విత్తనం కావాల. విత్తేకి ఎద్దులూ గొర్రూ ఆ ఒక్క సాయంత్రానికే బాడుగకు దొరికినాయంట, మధ్యాన్నం బస్సుకు పోకుంటే కుదరదని నాకు చెప్పింది.

ఆఫీసర్ వచ్చినాడు. చెవి జేబులోనే ఉండాది, కళ్లు మాత్రం బోర్డు మీద పడినాయి. పెయింటర్ ‘గోడౌన్’ అని రాస్తాంటే, ఇంగ్లీషు మాట ఎందుకు, చెరిపేయమన్నాడు. ఆడికి నేను ఊరకుండింటే సరిపోయేది. నా నోరు ఊరకుంటే కదా!

“సార్, అది మన మాటే.”

మన గిడ్డంగి, తమిళోళ్ల కిడంగు ఓడలెక్కి మలయా దేశం పోయి ‘గుడాంగ్’ అయిందంటారు. ఆడ బుడతకీచులు, అంటే పోర్చుగీసోళ్లు, పట్టుకున్నారు, వాళ్ల దగ్గర ఇంగ్లీషోళ్లు నేర్చి గోడౌన్ అన్నారు. అన్నీ చుట్టరికం ఉండే భాషలు కావు, మాట మాత్రం అందరిండ్లలోనూ ఉండాది. ఎప్పుడో చదివినాను. చదివింది ఎవరికన్నా చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

ఆయన ఒప్పుకోలేదు. మలయావాళ్ల నుంచే మనకొచ్చిందేమో, రుజువేదన్నాడు. తెలిసిన లెక్చరర్‌కు ఫోన్ చేసినాడు, నేనూ ఆ ఫోన్ లాక్కుని వాదించినాను. పెయింటర్ నిచ్చెన మీదనే బీడీ ముట్టించినాడు. రామక్క రెండుసార్లు లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. తాళాలు తీసేసరికి బస్సు పోయింది.

ఆమె విత్తనం మూటల మీద చెయ్యేసి నన్నే చూసింది.

“ఏమప్పా, మీ మాట అన్ని సముద్రాలు దాటొచ్చినాదే. నా మూటలు ఈ గడప దాటేకి ఇంతసేపా?”

సిగ్గుతో సచ్చిపోయినాను. గొర్రు వేరేవాళ్ల చేనికి పోయింది, మళ్లీ దొరికేలోపల పదును ఆరింది. తరవాత వాన లేదు. ఆమె మూడెకరాలూ బీడే.

ఈ జూన్‌లో మళ్లీ వచ్చింది. ఆఫీసర్ బోర్డు దిక్కు తలెత్తకముందే చెవి అడిగి తీసుకుని రెండు తాళాలూ నేనే తీసి, ఆమె మూటలు బయటపెట్టినాను. ఏమప్పా ఈసారి కథలు లేవా అంది.

“ముందు నువ్వు బస్సెక్కు, అక్కా,” అన్నాను.