టోపీ పెట్టని మామ

మా చిన్నమామ పదిహేను రోజుల కిందట, శుక్రవారం తెల్లవారుజామున, హొసకోటెలో తన ఇంట్లోనే కన్నుమూశాడు. యాభై ఆరేళ్ళు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఏం జబ్బని అడిగారు. తలకు క్యాన్సర్ అని చెప్పాం. "మెదడులోనా?" అన్నారు. కాదు, తలమీద, చర్మానికి అన్నాం. అప్పుడు అందరి ముఖాల్లోనూ ఒకటే ఆశ్చర్యం. "చర్మానికా? మనట్ల నల్లోళ్ళకు అది వస్తాదా యాడన్నా?"

వస్తుంది. మా ఇంటికి వచ్చింది, మా మామను తీసుకుపోయింది. ఈ పదిహేను రోజుల్లో ఈ సంగతి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మామ గురించి మెత్తగా నాలుగు మాటలు రాద్దామని రెండుసార్లు కూర్చుని, రెండుసార్లూ కాగితం చింపేశాను. ఇప్పుడు కోపంతోనే రాస్తున్నాను.

ఆయన మా అమ్మకు చిన్నతమ్ముడు. పాత మద్రాసు రోడ్డు పక్కన లేఅవుట్లు వేసే ఒక కంపెనీలో ఇళ్ళసైట్లు చూపించే పని. ఇరవై ఏళ్ళు అదే పని చేశాడు. కంపెనీ వాళ్ళు మామిడితోటలు కొనేవాళ్ళు, ఒక్క చెట్టు మిగలకుండా కొట్టించేవాళ్ళు, నేల చదును చేసి హద్దురాళ్ళు పాతేవాళ్ళు. తరువాత అచ్చేయించే రంగుల కాగితాల్లో మాత్రం రోడ్డుకు రెండువైపులా పచ్చటి చెట్లుండేవి. ఆ చెట్లు లేని ఎర్రనేల మీద పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగైదు దాకా మామ నిలబడేవాడు. ఆదివారాలైతే తినడానికి కూడా తీరేది కాదు.

ఇరవై ఎనిమిదో ఏటికే ఆయనకు నడినెత్తిన జుట్టు పోయింది. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు మా అత్త వాళ్ళింట్లో ఎవరో నవ్వితే, "దువ్వెన ఖర్చు లేదప్పా, ఇంటికి లాభమే కదా" అన్నాడట. ఆ మాటకే అత్త ఒప్పుకుందని మా అమ్మ చెబుతుంది. బట్టతల ఉన్నవాడికి లక్ష్మి కలిసొస్తుందని మావాళ్ళు అంటూ ఉండేవాళ్ళు. మామ నెత్తి తడిమి చూసుకుని, "ఇంకా దారిలో ఉండాది, వస్తాది" అనేవాడు.

నేను ఒకసారి ఆయన వెంట లేఅవుటుకు వెళ్ళాను. ఒక జంట సైటు చూడ్డానికి వచ్చారు. ఆ అమ్మాయికి నిండు నెలలు. కంపెనీ పేరున్న పెద్ద రంగుల గొడుగు ఒకటి ఉండేది, కొనేవాళ్ళ కోసం. మామ దాన్ని వాళ్ళిద్దరి మీద పట్టి, చెయ్యి చాపుకుని, తాను ఎండలో పక్కన నడిచాడు. వాళ్ళకు మూల సైటు నచ్చింది. మామ తల అడ్డంగా ఊపాడు. "ఇది వద్దప్పా. వానకాలంలో ఈ మూలకు నీళ్ళొచ్చి నిలుస్తాయి. పై వరసలో చూడండి, రోడ్డుకు రవంత దూరమైనా నేల గట్టిగా ఉండాది." అవతల కారులో ఏసీ వేసుకుని కూర్చున్న యజమాని అద్దం దించి చూశాడు. మామ పట్టించుకోలేదు. వాళ్ళు వెళ్ళాక నాతో అన్నాడు: "నేల అబద్ధం చెప్పదు పాపా. కాయితం చెప్తాది. మనం నేల పక్క ఉండల్ల."

ఇప్పుడు టోపీ సంగతి చెప్పాలి.

నేను బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్‌లో చెకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. కుట్టిన బట్టల్లో తప్పులు పట్టుకోవడం నా పని. ఒక సీజనంతా మాకు బయటిదేశాల ఆర్డరు వచ్చింది, చుట్టూ వెడల్పు అంచున్న బట్టటోపీలు. లోపల లేబుల్ మీద సూర్యుడి బొమ్మ. ఇంత వెడల్పెందుకని మా సూపర్‌వైజర్‌ని అడిగితే, "ఆ దేశాల్లో ఎండకు చర్మం క్యాన్సర్ వస్తాదంట. చెవులు, మెడ కూడా కప్పాలంట" అంది. అంచు కుట్టు వంకరపోయిందని పక్కన పడేసిన టోపీ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. మామకిచ్చాను. ఆయన అద్దంలో చూసుకుని, "దొరమాదిరి ఉండానే!" అని మురిసిపోయాడు.

ఆ ఆదివారమే అది పెట్టుకుని పనికి వెళ్ళాడు. పదిమంది కొనేవాళ్ళ ముందర యజమాని గట్టిగా అన్నాడట, "ఏమి సారూ, కస్టమర్లకు పెట్టాల్సిన టోపీ నువ్వే పెట్టుకున్యావే!" అందరూ పగలబడి నవ్వారు. మామ కూడా నవ్వి, టోపీ తీసి సంచిలో పెట్టేశాడు. మళ్ళీ పెట్టలేదు.

"ఎందుకు మామా, వాళ్ళు నవ్వితే నవ్వనీ" అన్నాను.

"అట్ల కాదు పాపా. నమ్మకం మీద బతికే పని నాది. సైట్లమ్మేవాడంటేనే జనాలకు అనుమానం. ఆ మాట పడినాక టోపీ పెట్టుకోని వాళ్ళ ముందర నిలబడితే, నేనేం చెప్పినా టోపీయే గుర్తొస్తాది."

నిజం చెప్పాలంటే, యజమాని అన్న మాట మామ నోట విన్నప్పుడు నేనూ నవ్వాను. భలే అన్నాడే అనుకున్నాను.

మన బెంగళూరు గాలి ఒకటి. ఎండ కాల్చుతున్నా చల్లగా తగులుతుంది. మబ్బు పడితే ఇంకేం, ఎండే లేదనుకుంటాం. మద్రాసులో అయితే ఆ మనిషి మధ్యాహ్నం నీడకు పారిపోయేవాడు. ఇక్కడ ఇరవై ఏళ్ళు హాయిగా నిలబడ్డాడు.

మొదట నడినెత్తిన గరుకుగా ఒక మచ్చ వచ్చింది. మామ దాన్ని గోటితో గీకేవాడు. కొన్నాళ్ళకు చిన్న పుండైంది. పక్కు కట్టేది, తువ్వాలు తగిలితే ఊడి రక్తం వచ్చేది, మళ్ళీ పక్కు కట్టేది. మెడికల్ షాపులో అడిగితే తామర అని చెప్పి ఒక క్రీము ఇచ్చారు. మూడు నెలలు పూశాడు. తరువాత వీధిచివర క్లినిక్‌కు వెళ్ళాడు. ఆ డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. మామ తల వంచి చూపించేలోపే, "ఎండలో తిరుగుతారు కదా, వేడికురుపు" అని మందులు రాసేశాడు. ఎండ అన్న మాట ఆయన నోటితోనే అన్నాడు! ఆ తరువాతి మాట ఎందుకు తట్టలేదు ఆయనకు?

ఒక్కడే ఒక్కడు సరిగ్గా చూశాడు, పక్కల జుట్టు కత్తిరించే మంగలి. "సార్, పోయిన నెలా ఇట్లే ఉండె, ఈ నెలా ఇట్లే ఉండాది. మానే పుండు ఇట్ల ఉండదు. చర్మం డాక్టరుకు చూపించండి" అన్నాడట. ఆయనకు చేతులెత్తి దండం పెడతాను. కానీ చదువుకున్నవాళ్ళు ఏమీ లేదన్నాక మంగలి మాట ఎవరు వింటారు?

నేను చూడలేదా? చూశాను. మా పాప పుట్టినరోజుకు వచ్చి, పాప కాలికి పట్టీలు పెడుతూ మామ వంగినప్పుడు చూశాను. ఆవగింజంత మరక ఉన్నా చొక్కాను పక్కకు తోసేసే కళ్ళు నావి. మామ తలమీద రూపాయి బిళ్ళంత పుండును చూసి, "ఇంకా మానలేదా మామా?" అని అడిగి, పాయసం తేవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మెడలో గడ్డ తేలాక గాని పెద్దాసుపత్రికి పోలేదు. అక్కడి చర్మం డాక్టరమ్మ మదనపల్లి వైపు ఆమె, చిన్న వయసు. లేచి నిలబడి, లైటు పెట్టి, తలంతా చూసింది. మెడ తడిమింది. "ఎన్నాళ్ళాయె?"

"ఏడాదిన్నర" అంది అత్త.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "మొదట్లో వచ్చింటే ఈడనే మత్తు సూది ఇచ్చి, కోసి తీసేసి, కుట్లేసి ఇంటికి పంపేవాళ్ళం."

"మాయట్లాంటోళ్ళకు ఇది రాదంటారే మేడం?" అన్నాడు మామ.

"తక్కువ వస్తాది. రాదని కాదు. నల్లచర్మం రవంత కాపాడతాది, అంతే. జుట్టు లేని తలమీద ఇన్నేళ్ళ ఎండ అంటే మాటలా?"

ముక్క కోసి పరీక్షకు పంపారు. అనుకున్నదే వచ్చింది. తలమీద కోసి, తొడచర్మం తీసి అతికించారు. మెడకు ఆపరేషన్ చేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. ఆరు నెలలకు ఊపిరితిత్తుల్లో కనిపించింది.

ఆ రోజుల్లో యజమాని ఒకసారి యాపిల్ పళ్ళు పట్టుకుని ఇంటికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, "ధైర్యంగా ఉండు సారూ, దేవుడుండాడు" అన్నాడు. మామ అప్పటికి నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసపడేవాడు. మెల్లగా అన్నాడు. "దేవుడుండాడు సార్. చెట్లే లేవు."

యజమాని పళ్ళ సంచిని ఇటునుంచి అటు జరిపాడు.

"ఆడ నిలబడే పిల్లోళ్ళకు ఒక షెడ్డు వేయించండి. తలకు టోపీలు ఇప్పించండి. పెట్టుకుంటే నవ్వద్దండి సార్. అంతే నేనడిగేది."

"అట్లే కానీ" అన్నాడు యజమాని. ఇరవై ఏళ్ళలో మామ ఆయన్ను అడిగింది అదొక్కటే. దినాలైన మరుసటి రోజు నేను లేఅవుటుకు వెళ్ళి చూశాను. షెడ్డు లేదు. మామ జాగాలో కొత్తగా చేరిన మనిషి ఉత్త తలతో నిలబడి ఎవరికో గొడుగు పడుతున్నాడు. ఆఫీసులోకి పోయి యజమానిని అడిగాను. "చూస్తామమ్మా, ఈ ఫేజ్ అయిపోనీ" అన్నాడు. "మా మామ ఫేజ్ అయిపోయింది సార్" అన్నాను. ఎప్పుడూ గొంతు పెంచని మనిషిని, నా అరుపు ఆ గదిలో నాకే కొత్తగా వినిపించింది. ఎవరూ నవ్వలేదు.

బట్టతల ఉన్న అన్నలకు, చిన్నాన్నలకు, మామలకు ఒక మాట. మీ తలమీద మీ కన్ను పడదు. ఇంట్లోవాళ్ళను నెలకొకసారి చూడమనండి. సిగ్గెందుకు? ఎండలోకి పోతే చెవులూ మెడా కప్పే టోపీ పెట్టుకోండి, ఎండకు పూసే క్రీము ముఖంతో ఆపకుండా నెత్తికీ పూయండి, మబ్బున్నా సరే. మూడు నాలుగు వారాలైనా మానని పుండు, గరుకుతేలి పోని మచ్చ, ఊరికే రక్తం కారే పక్కు, ఇవి ఉంటే చర్మం డాక్టరు దగ్గరకు పోండి. లేచి చూడని డాక్టరైతే, లేచి చూసేవాళ్ళ దగ్గరకు పోండి. ఇక నవ్వేవాళ్ళు, వాళ్ళు మీ దినాలకు వచ్చి భోంచేసి పోతారు. మా ఇంటికి వచ్చారు.

నిన్న సాయంత్రం ఫ్యాక్టరీ వదిలాక హోసూరు రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాను. ముందర బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. రోడ్డు తవ్వే పని కాబోలు, ప్యాంటంతా మట్టి. బట్టతల. వెనకవైపు పొక్కు లేచిన ఒక నల్లటి మచ్చ. చూడకుండా ఉండలేకపోయాను. కన్నడంలో అడిగాను, "అన్నా, మీ తలమీద అదేంటి? ఎన్నాళ్ళుగా ఉంది?"

ఆయన చుర్రుమన్నాడు. "నా తలతో నీకేం పనమ్మా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. మా మామ దాంతోనే పోయాడని చెప్పాను. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టర్లు ఏ రోజుల్లో కూర్చుంటారో చెప్పాను. ఆయన ముఖం తిప్పేసుకున్నాడు. ఇంతలో నా బస్సు వచ్చింది, ఎక్కేశాను.

కిటికీలోంచి వెనక్కి చూశాను. ఆయన ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. మట్టివేళ్ళు తలమీద వెతుక్కుంటూ వెనక్కి పోయి, ఒకచోట ఆగిపోయాయి.