రేపల్లె రూటరు వాగుడు

మా అన్నయ్య పెళ్లి రేపల్లె చర్చిలో. నాయనమ్మేమో తుంటి విరిగి బాపట్లలో మంచం మీద ఉంది. ఆమెకు టీవీలో పెళ్లి చూపించే పని నా నెత్తిన పడింది. నేను తెనాలిలో ఒక కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో రూటర్లు చూసుకుంటాను. చర్చిలో ఉన్న రూటరూ మా ఆఫీసుదే. "నీకంటే ఎవరికి తెలుసే?" అన్నారు అందరూ. అలా పొగిడి, నాయనమ్మ పక్కన బాపట్లలో కూర్చోబెట్టి, నన్ను సొంత అన్న పెళ్లికే లేకుండా చేశారు. పోట్లాడి మరీ కుట్టించుకున్న జాకెట్టు తెనాలి బీరువాలోనే ఉండిపోయింది.

"తాళి కట్టేది ఒక్కటి చూస్తే చాలే నాకు" అంది నాయనమ్మ. పొద్దున్నే కొత్త చీర కట్టించుకుని దిండ్లకు ఆనుకుని కూర్చుంది.

పాట అయింది. పాస్టరుగారు చెయ్యి ఎత్తారు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కాసేపటికి దించారు, మళ్లీ ఆగిపోయారు.

"ఏంటే, ఆయనకి చెయ్యి పట్టేసిందా?"

ల్యాప్‌టాప్ తెరిచి రేపల్లె రూటర్లోకి వెళ్లాను. నల్లటి తెర మీద మనం ఒక ఆదేశం టైపు చేస్తే, రూటరు అక్షరాల్లో జవాబు చెబుతుంది. దానికి వాగుడెక్కువ. సంగతేంటని అడిగితే పుట్టుపూర్వోత్తరాల నుంచి మొదలుపెడుతుంది. తెర నిండగానే ఇంకా ఉందని చెప్పి ఆగుతుంది. స్పేస్ నొక్కితే మరో తెర నింపి, మళ్లీ ఇంకా ఉందంటుంది. నాకు తిక్క రేగింది. ఆగకుండా చెప్పమన్నాను. అది చాలదన్నట్టు, లోపల జరిగే ప్రతి చిన్న పనినీ అప్పటికప్పుడు ఏకరువు పెట్టే డీబగ్ కూడా పెట్టాను. నడుస్తున్న రూటర్లో అది పెట్టొద్దని ఆఫీసులో కొత్తవాళ్లకు నీతులు చెప్పేది నేనే.

కాలువ లాకులు ఎత్తేసినట్టు అక్షరాలు వచ్చిపడ్డాయి. నేను కొట్టే అక్షరాలు కూడా వాటిలోనే కొట్టుకుపోతున్నాయి. ఆ వాగుడుకే రూటరుకి ఊపిరాడక, అప్పటిదాకా నత్తిగా నడుస్తున్న పెళ్లి పూర్తిగా నిలిచిపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు పడేసింది నేనే.

"అవన్నీ చదువుతున్నావా?" అంది నాయనమ్మ.

"లేదు నాయనమ్మా."

"మరి అన్ని ఎందుకడిగావే?"

ఒళ్లు మండింది. తెర వైపు చూడకుండా, వేళ్లనే నమ్ముకుని, డీబగ్ ఆపే ఆదేశం కొట్టాను. వరద ఆగింది. ఈసారి బుద్ధిగా, కెమెరా తగిలించిన పోర్టు గురించిన లైన్లు మాత్రమే చూపించమన్నాను. డౌన్. అప్. డౌన్. అప్. అంతే. తీగ ఊడుతోంది, మళ్లీ తగులుకుంటోంది; ఎవరో దాన్ని లాగుతున్నారన్నమాట.

చర్చిలో ఉన్న బాబాయికి ఫోన్ చేశాను. "బాబాయ్, గోడ వెంట నీలం తీగ ఉంటుంది, చూడు. నాయనమ్మకి బొమ్మ రావట్లేదు."

"తీగేదమ్మా? ఇక్కడన్నీ బంతిపూల దండలేగా!" దండలు పక్కకు జరుపుతున్న చప్పుడు వినిపించింది. "ఓరి దేవుడా, దండలు దానికే కట్టారే! అయ్యగారూ, ఒక్క నిమిషం ఆపండి, పెద్దావిడకి కనబడట్లేదంట!"

బాబాయి దండలు పీకేసి, తీగ కొసను గట్టిగా లోపలికి నొక్కాడు. డౌన్ అని రావడం ఆగింది. టీవీలో బొమ్మ కదిలింది. చర్చి చర్చంతా మా వైపే చూస్తోంది. అన్నయ్య వదిన వెనక దారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాబాయి ఫోన్ స్పీకర్లో పెట్టి వదిన ముందు పట్టుకున్నాడు.

"నాయనమ్మగారూ, రెండు ముళ్లు పడ్డాయండి" అంది వదిన, వంచిన తల ఎత్తకుండానే. "మూడోది మీరు చూస్తుండగా వేయమని ఆపానండి."

నాయనమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే, "ఎంతసేపురా ఆ పిల్ల మెడ వంచి పెడతావ్? కట్టు!" అని కేకేసింది.

చర్చంతా నవ్వింది. చప్పట్లు వినిపించాయి.

"చూశావా, ఎంత గట్టిగా వేశాడో!" అంటూ నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

నేను చూడలేదు. మళ్లీ డౌన్ అని వస్తుందేమోనని ఆ ఒక్క లైను మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను.