ఆబగాడి కడుపు

కబేళాలో అందరూ అతన్ని ఆబగాడు అనేవారు. ముప్పై దాటినా పదిహేనేళ్ల కుర్రాడంత ఎత్తే ఉండేవాడు. ఎముకలు నరకడంలో మాత్రం అతనికి సాటి ఎవరూ లేరు. ఎంత చిన్న లెక్కయినా బుర్రకెక్కేది కాదు. అన్నం ముందు కూర్చుంటే లేవాలని తెలిసేది కాదు. వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, మళ్లీ తినేవాడు.

ఒక మధ్యాహ్నం మేస్త్రీకి సరదా పుట్టింది. ఆబగాడు తింటున్న అన్నం డబ్బా లాక్కుని, "ఇంకెంత మింగుతావురా? అది పొట్టా, చెరువా?" అంటూ రక్తం పారే కాలవలో గుమ్మరించాడు. పక్కవాళ్లు పగలబడి నవ్వారు. నవ్వు ఆగేలోపే కత్తి దిగింది. మేస్త్రీ రెండు వేళ్లు బల్ల మీద మాంసం ముక్కల మధ్య పడ్డాయి. ఆ తర్వాత అందరూ కలిసి ఆబగాణ్ణి ఇనప కొక్కేలతో, బూటుకాళ్లతో కుళ్లబొడిచారు. పక్కటెముకలు విరిగాయి. కొడుతున్నంతసేపూ అతను కాలవలోని మెతుకులకేసి చెయ్యి చాస్తూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో అతని అక్క డాక్టరమ్మకు చెప్పింది.

"వీడు పుట్టిన ఏడాదే యుద్ధమొచ్చి ఊరి మీద బాంబులు పడ్డాయమ్మా. తిండిగింజలు రాకుండా దారులన్నీ మూసేశారు. అమ్మకి పాలింకిపోయాయి. గంజినీళ్లు కూడా దొరికేవి కావు. చివరికి వీడు ఏడవడం కూడా మానేశాడు."

"మెదడు గబగబా ఎదిగే వయసు అదేనమ్మా," అంది డాక్టరమ్మ. "అప్పుడు తిండి లేకపోతే చదువు ఎక్కడం, కోపం ఆపుకోవడం కష్టమవుతాయి. కొందరికి కడుపు నిండినా ఆ కబురు మెదడుకి సరిగా అందదు. మీవాడికి అదే జరిగి ఉండొచ్చు."

కోర్టు ఆ మాట విన్నది గానీ జైలు తప్పించలేదు. మేస్త్రీ వేళ్లూ తిరిగి రాలేదు.

విడుదలయ్యాక అతన్ని అక్క తన ఇంట్లోనే ఉంచుకుంది. వేళకి కంచం పెట్టి, అయిపోగానే వంటగదికి తాళం వేసేది. మొదట్లో ఆ తలుపుకి తల బాదుకునేవాడు. ఒకరోజు తాళంచెవి కోసం అక్కని గోడకేసి కొట్టాడు. ఆమె ముందు పన్ను ఊడిపోయింది. ఆమె గడ్డం మీదుగా కారే రక్తం చూసి, బిత్తరపోయి కూలబడ్డాడు.

"నన్ను ఎక్కడికైనా పంపెయ్ అక్కా."

"నోర్ముయ్. ఎక్కడికీ పంపను. తాళంచెవీ ఇవ్వను."

ఇప్పుడతను సిమెంటు ఇటుకలు పోసే చోట పనిచేస్తున్నాడు. కత్తి ముట్టుకోడు. భోజనమయ్యాక ఖాళీ కంచం ముందు కూర్చుని అడుగుతాడు.

"అక్కా, నిండిందా?"

"నిండిందిరా. లే."

అతనికి నిండినట్టేమీ ఉండదు. అక్క మాట మీద లేస్తాడు. కొన్ని రోజులు మాత్రం పిడికిలి పగిలేలా గోడని గుద్దాకే లేస్తాడు.