బల్లుల అరలో కుక్కపన్ను

నేను పాఠాలు చెప్పే కాలేజీ జువాలజీ ల్యాబులో రెండు ప్లాస్టర్ పుర్రెలు ఉన్నాయి. ఒకటి సైనోడాంట్‌ది, ఇంకొకటి డైసైనోడాంట్‌ది. డైనోసార్ల కంటే ముందే భూమ్మీద తిరిగిన జాతులు. నేను చదువుకునేటప్పుడు వాటిని ‘క్షీరదాలను పోలిన సరీసృపాలు’ అనేవారు. అవి సరీసృపాలే కావని, క్షీరదాల వైపు విడిగా సాగిన కొమ్మ అని తర్వాత తెలిసింది. తెలిసినా, వాటిని బల్లులు, తాబేళ్ల అరలోంచి నేను తీయలేదు. పరీక్షల్లో పాత మాటే అడుగుతారు.

మూడేళ్ల కిందట ప్రదర్శన పెట్టిన రోజు, ఫైనలియర్ విద్యార్థిని ఒకామె తండ్రి కంబదూరు నుంచి వచ్చాడు. గొర్రెల కాపరి. ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. సైనోడాంట్ పుర్రెను అందుకుని, సంతలో గొర్రె నోరు చూసినట్టు చూశాడు.

“దీన్ని బల్లుల కాడ పెట్టినారేం సార్? బల్లికి పండ్లన్నీ ఒకటే మాదిరి. దీనికి ముందు పండ్లు వేరే, కోర వేరే, దవడ పండ్లు వేరే. ఇది కుక్క మాదిరి ఉండాది.”

సైనోడాంట్ అనే పేరుకు అర్థమే ‘కుక్కపన్ను’ అని చెప్పాను. ఆయన నవ్వలేదు. రెండో పుర్రె చూపించి, “ఇదేమో తాబేలు నోరు, రెండు కోరలు. ఇది యాడిది?” అన్నాడు.

“అదీ మన వైపుదే నాయనా,” అంది కూతురు. “కంటి వెనక ఒకటే బొక్క ఉండాది చూడు, మన కొమ్మకు అదే గుర్తు. రెండిటికీ అంతే.”

“అట్లయితే ఈడెందుకు పెట్టినారు?”

“తప్పే,” అన్నాను. ఆ సాయంత్రమే అర మార్చాను.

పరీక్షల ముందు ఆ అమ్మాయి వచ్చి, ఈ జాతుల మీద ప్రశ్న వస్తే ఏం రాయాలని అడిగింది.

“పాతదే రాయమ్మా. మార్కులు పోతాయి.”

“మా నాయన ముందర తప్పంటిరి. ఇప్పుడు అదే రాయమంటాండారే సార్?”

ఆమె తనకు తెలిసిందే రాసింది. మిగతా పేపర్ల కంటే అందులో తక్కువ మార్కులు వచ్చాయి. పునఃపరిశీలన కోసం దరఖాస్తు పెట్టించి, కారణాలు వివరిస్తూ రెండు పేజీలు నేనే రాసిచ్చాను. మార్కులు మారలేదు. ఆ సంగతి ఫోన్‌లో చెబితే, “సరే సార్,” అంది. ఆ తర్వాత ఏ విద్యార్థికీ పాతది రాయమని నేను చెప్పలేదు.