ఎడమచేతి సంతకం కోసం వచ్చిన ఆర్డిస్

ఆర్డిస్ క్వామె కారుకు స్టీరింగు కుడివైపున ఉంటుంది. అమెరికాలో మిగతా కార్లకు అది ఎడమవైపు. మా ప్రాంతంలో పల్లె దారుల వెంట ఉత్తరాలు పంచేవాళ్లకే అలాంటి కార్లుంటాయి. రోడ్డు అంచున పాతిన పెట్టెల్లో, కారు దిగకుండా, కిటికీలోంచే ఉత్తరాలు వేయాలి కాబట్టి. ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయినా ఆమె ఆ కారును వదల్లేదు. ఎల్కర్ క్రీక్ వాగు పొడవునా ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి గంట మోగదో ఆమెకు ఇప్పటికీ గుర్తే. ఊళ్లో మిల్లు మూతపడ్డాక, అందులో పనిచేసే ఆమె భర్త అలాస్కా చేపల పడవల్లో పనికి వెళ్లి, అక్కడే మరో సంసారం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆమె నాతో ఒక్కసారే, నవ్వుతూ చెప్పింది. "ఆయన చిరునామా మారిందని తెలిపే కాగితం కూడా నా చేతిమీదుగానే వెళ్లిందమ్మాయ్."

మా రాష్ట్రంలో ఓట్లన్నీ తపాలాలోనే వెళ్తాయి. కవరు మీది సంతకం జిల్లా ఎన్నికల కార్యాలయంలో ఉన్న పాత సంతకంతో కలవాలి. కలవకపోతే ఓటును పక్కన పెట్టి, ఓటరుకు ఉత్తరం రాస్తారు. లెక్కింపు ఖరారయ్యేలోగా సరిచేసుకోవచ్చు. అలాంటి ఇళ్లకు వెళ్లి గుర్తుచేయడం అభ్యర్థుల తరఫు కార్యకర్తల పని. ప్రతినిధుల సభకు జరిగిన ఆ ఎన్నికలో ఆర్డిస్, లండీన్ అనే ఆవిడ తరఫున ఆ పని తీసుకుంది.

మా నాన్న వెండెల్ స్ట్రౌడ్ కొలంబియా నది మీద ఓడల్ని లాగే టగ్గుబోటు నడిపిన మనిషి. ఆ వసంతంలో పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఓటు కవరు మీద ఎడమచేత్తో సంతకం పెట్టాడు. పది రోజులకు ఉత్తరం వచ్చింది.

ఈలోగా లెక్కింపు లండీన్‌కు ఎదురు తిరిగింది. ఎన్నికల ఫలితాల మీద వాటాలు కొని అమ్ముకునే అంగడి ఒకటి ఫోన్లలో నడుస్తుంది. గెలిచినవాడి వాటాకు ఒక డాలరు, ఓడినవాడి వాటాకు సున్నా. ఆమె ప్రత్యర్థి ప్రేథర్ వాటా ధర తొంభై ఏడు సెంట్లకు చేరింది. అంటే అతను గెలవడానికి నూటికి తొంభై ఏడు పాళ్లు అవకాశం ఉందని కొనేవాళ్ల నమ్మకం. నాన్న ఫోనును సిరప్ సీసాకు ఆనించి, రోజంతా ఆ అంకె వైపే చూస్తూ కూర్చునేవాడు.

శనివారం మధ్యాహ్నం వానలో ఆర్డిస్ వచ్చింది. వంటగది బల్ల నిండా కాగితాలు. నాన్న పాత సంతకమున్న తన లైసెన్సును ముందు పెట్టుకుని, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నడిపిస్తూ ఏదో రాస్తున్నాడు.

"ఏంటయ్యా వెండెల్, దొంగ చెక్కులు రాస్తున్నావా?"

"నా సంతకం నేనే నేర్చుకుంటున్నా. పాతది వస్తేగానీ ఒప్పుకోరట."

"ఎవరన్నారు?"

"ఉత్తరంలో ఉందిగా, పాతదానితో కలవలేదని."

ఆమె అద్దాలు పెట్టుకుని ఉత్తరం మొత్తం చదివింది. "కలవలేదన్నారు. పాతది నేర్చుకుని రమ్మనలేదు. కవరు మీద ఏ చేత్తో పెట్టావో ఈ కాగితం మీదా ఆ చేత్తోనే పెట్టు. ఇకమీద ఇదే నీ సంతకమని రాసుకుంటారు. ఆ కుడిచేత్తో పెట్టావనుకో, పాతదానికీ కలవదు, కవరుదానికీ కలవదు. ముచ్చటగా ముగ్గురు వెండెల్‌లు తయారవుతారు."

"ఎడమచేత్తో నాది కోడి గీకినట్టుంటుంది."

"ఉంటే ఉండనీ, నీ కోడేగా."

నాన్న ఫోనును ఆమె వైపు తిప్పాడు. "ఇది చూశావా? తొంభై ఏడు. మీ లండీన్ పని అయిపోయింది. ఈ వానలో తడిసొచ్చి నన్నెందుకు చంపుతావు?"

"అందులో నీ డబ్బులూ ఉన్నాయని విన్నానే?"

నాన్న నావైపు చూశాడు. నేను పొయ్యి వైపు చూశాను.

"ఓటు లండీన్‌కి, పందెం ప్రేథర్ మీదా! సిగ్గు లేదూ?"

"ఆవిడ ఓడితే బాధ ఎలాగూ తప్పదు. చిల్లరైనా మిగులుతుందని."

ఆర్డిస్ నవ్వలేదు. "ఎవరు గెలుస్తారో అది చెప్తుందేమో, వెండెల్. నువ్వు ఓటేశావో లేదో దానికి తెలీదు. ఇప్పటికైతే జిల్లావాళ్లకీ తెలీదు."

నాన్న కలాన్ని ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

సంతకానికి చాలాసేపు పట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ, నాతో సహా, ఆయన చేతుల్నే చూస్తూ వచ్చాం. ఆర్డిస్ మాత్రం కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, వానలో నిలిచిన తన కారును చూస్తూ కాఫీ తాగింది. కలం బల్ల మీద పెట్టిన చప్పుడయ్యాకే ఇటు తిరిగింది. ఎన్నో మందులకు, ఎందరో వైద్యులకు మేము రుణపడి ఉన్నాం. అయినా ఆ ఇంటి గురించి తలచుకుంటే, ముందుగా నా మనసు కృతజ్ఞతతో వంగేది ఆ తిప్పిన కుర్చీకే.

కాగితాన్ని ఆమే తీసుకెళ్లి జిల్లా కార్యాలయంలో ఇచ్చింది. బుధవారం వాళ్ల వెబ్‌సైటులో నాన్న పేరు పక్కన 'ఓటు స్వీకరించాం' అని కనిపించింది. నేను తాగునీటి పరీక్షాశాలలో పనిచేస్తాను, కొలతలు సరిచూడటం అలవాటు. అంగడిలో అంకె కూడా చూశాను. తొంభై ఏడు, కదల్లేదు. నాన్న మాత్రం ఆ రోజు ఫోనును బోర్లా తిప్పి పెట్టి, పేరు పక్కనున్న ఆ మాటను నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.

ప్రేథర్ గెలిచాడు. ఆ వారమే నాన్న స్టీల్‌హెడ్ చేపను ఆల్డర్ కట్టెల పొగలో మగ్గించి, గోధుమరంగు కాగితంలో చుట్టి, పైన ఎడమచేత్తో సంతకం చేశాడు. పేరు చివరి రెండు ఇంగ్లీషు 'ఎల్'లూ వరస దాటి పైకి పోయాయి. ఆర్డిస్ కారు ఆపగానే కుడి కిటికీలోంచి అందించాడు.

ఆమె పొట్లాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "ఎవరిదయ్యా ఇది? సంతకం కలవట్లేదే!"

"జిల్లా ఆఫీసులో కనుక్కో," అన్నాడు నాన్న. "వాళ్ల దగ్గరున్నది ఇదే."